తుమ్మతోపు పద్యానికి టీకా తాత్పర్యాలు

పాత యంత్ర మొకటి పట్టణాన గొనుచు
తుమ్మ తోపు నరుక దొడరువాడు
గంట లెన్ని గడచె గనడేని యంత్రాన
ముల్లు కన్న ముందు మూట కరుగు

అవతారిక: ఏళ్ల తరబడి బీడుపెట్టిన చేనులో సర్కారు తుమ్మ కమ్ముకొనగా, కంప కొట్టుటకు కూలీలు దొరకక, దొరికినవారు ముళ్లకు జంకి పని మానుకొనగా, తన చేను తానే బాగుచేసుకొనదలచి పాత మల్చర్ బేరానికి బయలుదేరిన రైతునుద్దేశించి కవి ఇట్లు హెచ్చరించుచున్నాడు.

టీక: పాత యంత్రము = పరుల అడవిలో పళ్లరిగిన ఫారెస్ట్రీ మల్చర్, అనగా ట్రాక్టరు పీటీఓ షాఫ్టుతోగాని హైడ్రాలిక్ నూనె ఒత్తిడితోగాని గిరగిర తిరుగు ఉక్కు డ్రమ్ముపై బిగించిన పళ్లతో, నిలుచున్న చెట్టును పొట్టుపొట్టు చేసి నేలపై పరచు సాధనము; గంటలు = యంత్రము నడిచిన కాలమును చూపు మీటరులోని అంకెలు; మూట = కొనుగోలుదారు నడుమున ఉన్నది; కరుగు = బేరింగుల, బెల్టుల, పళ్ల రూపమున వ్యయమగును.

తాత్పర్యము: యంత్రము పూర్వచరిత్ర విచారింపక కొన్నవానికి చెట్టుకంటె ముందు సొమ్ము నశించునని భావము.

విశేషములు: "గంట లెన్ని" అన్నందున మీటరు చూచినంతనే చాలునని తలచరాదు, మీటరు మార్పించవచ్చును, తీగ ఊడదీసి నడపవచ్చును, కాని డ్రమ్మును చేతితో కదిపినపుడు బేరింగు వద్ద తెలియు వదులును, పళ్ల పీఠముల వద్ద అతికిన వెల్డింగు మచ్చలను, కొత్త రంగు కింది పగుళ్లను దాచుట కష్టము. అమ్మువాడు ఇంజను ముందే వేడిచేసి ఉంచినచో అది మర్యాద కాదు. చల్లని ఇంజను మొరాయించుట కొనువాని కంటబడకుండుటకే అట్లు చేసియుండును.

తుమ్మ ఇచ్చట నల్లతుమ్మ కాదు, అమెరికా ఖండమునుండి వచ్చిన ప్రోసోపిస్ జూలిఫ్లోరా. వంటచెరకు కొరత తీర్చుటకై 1877 ప్రాంతమున అటవీశాఖవారు కడప జిల్లా కమలాపురమున దీని విత్తులు నాటించిరి. వారు కోరినది వంటచెరకు; చెట్టు కోరినది రాయలసీమ మొత్తము. మేకలును పశువులును తియ్యని కాయలు తిని, అరగని గింజలను పేడతో ఊరూర నాటుటచే ఆ కోరిక చాలవరకు తీరినది.

"నరుక" అను పదమునందే చిక్కున్నది. మల్చర్ నేలకు పైనున్నదానినే నలుగగొట్టును. తుమ్మకు చిగురుమొటికలు మొదలు వద్ద, మట్టి కిందను ఉండుటచేత, ఒక మాను నలిగినచోట వానాకాలమునకు పది పిలకలు లేచును. వేరుమొదలు జేసీబీతో పెళ్లగింపక, పిలకలను ఏటేట తీయక, యంత్రమొక్కటే తోలిన రైతు తోపును నాశనము చేసినవాడు కాడు, కత్తిరించి గుబురు చేసినవాడు. పైగా లావు మొద్దులను బొగ్గు బట్టీలవారు కొట్టుకొనిపోవుదురు గనుక, వారిని ముందు పంపి మిగిలిన కంపనే యంత్రమునకు వదులుట మేలు. అమ్ముడుపోవు కట్టెను డీజిలు పోసి పొట్టు చేయుట ఏ శాస్త్రసమ్మతమో తెలియదు. ఆ పొట్టు రేడియేటరులో చేరి ఇంజనును వేడెక్కించును, వేడి గొట్టములపై ఎండి నిప్పంటుకొనును. పూటపూట ఊదకపోయిన యంత్రములు చేనులోనే కాలిపోవుట కలదు.

అలంకారము: సొమ్ము ముల్లుకంటె ముందు కరుగుట అతిశయోక్తియని లాక్షణికులందురు, పాత యంత్రము కొన్నవారు మాత్రము స్వభావోక్తియే అందురు.

పాఠాంతరము: నాల్గవ పాదమున "మూట కరుగు" అనుటకు మారుగా "మూతి పగులు" అని కొందరు చదువుదురు. ఛందస్సు రెంటికిని సరిపోవును. డ్రమ్ము విసరు రాయియు చెక్కపేడును చాల దూరమెగురును గనుక, దిట్టమైన పాలీకార్బొనేటు అద్దము లేని క్యాబిను గల యంత్రము విషయమున రెండవ పాఠమే గ్రాహ్యము.