ఒక్క కథకు ఆరుగురు

పాటగాడు బాబ్ డిలన్ జీవితం మీద 2007లో టాడ్ హేన్స్ ‘ఐయామ్ నాట్ దేర్’ అనే సినిమా తీశాడు. కథానాయకుడు ఒక్కడే అయినా వేషగాళ్లు ఆరుగురు! పోనీ, అందులో ఒక్క పాత్రకైనా బాబ్ డిలన్ అని పేరుందా అంటే, లేదు.

ఒకడు పదకొండేళ్ల నల్లజాతి కుర్రాడు, గిటారు పెట్టెతో గూడ్సు రైలెక్కుతాడు. ఇంకొకరు నటి కేట్ బ్లాంచెట్. రేగిన జుట్టు, నల్ల కళ్లద్దాలు, వేళ్ల సందున సిగరెట్టు, విలేఖరి నోరు తెరిస్తే చాలు ఓ వెటకారం. 1960ల నాటి డిలన్ అచ్చంగా ఆమెలోనే దిగాడు. వెనిస్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతి కూడా ఎగరేసుకుపోయింది. మగ డిలన్‌లు మొహమొహాలు చూసుకోవాల్సి వచ్చింది.

మరో డిలన్‌గా నటుడు రిచర్డ్ గేర్‌ని తెచ్చి, బందిపోటు బిల్లీ ది కిడ్ వేషంలో గుర్రమెక్కించారు. ఎందుకో ఆ గుర్రానికైనా చెప్పారో లేదో!

ఇక సినిమా పాటల ఆల్బం రెండు సీడీలు. ఎడ్డీ వెడర్, విల్లీ నెల్సన్... గొంతున్న వాళ్లంతా వచ్చి డిలన్ పాటలు పాడేశారు. అసలు డిలన్ గొంతుకు దక్కింది ఒకే ఒక్కటి: 1967లో రికార్డు చేసి, నలభై ఏళ్లు దొంగ టేపులకే వదిలేసిన టైటిల్ పాట. అదీ రెండో సీడీ చిట్టచివర.

ఆ పాటనే సోనిక్ యూత్ బృందం చేత కూడా పాడించి అదే ఆల్బంలో పెట్టారు. ఆయన పాడింది చాలలేదనుకున్నారు కాబోలు!