సొంతూరు అద్దెకివ్వబడును

ఏలూరులో సొంత ఇల్లున్నవాడు ఏలూరు శివార్లలో గది తీసుకుని రెండు రాత్రులు పడుకొస్తే దాన్ని ఇప్పుడు స్టేకేషన్ అంటున్నారు. పూర్వం ఇలాంటి పని చేసినవాణ్ణి చూసి, పాపం ఇంట్లో గొడవ పడ్డాడు కాబోలు అనుకునేవారు. ఇప్పుడు పెళ్లాం పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని వెళ్తున్నాడు కనక గొడవ లేదు, బిల్లు మాత్రం ఉంది.

ఈ సరుకు అమ్మేవాళ్ల మాటలు వినసొంపుగానే ఉంటాయి. ఊటీ దాకా ఎందుకండీ? బెర్తులు దొరకవు, పిల్లలకి పరీక్షలు, పెద్దాళ్లకి మోకాళ్ల నొప్పులు. మన చుట్టుపక్కల ఏం తక్కువ? కొల్లేరుంది, కాలవలున్నాయి, కొబ్బరిచెట్లున్నాయి, నోరూరించే స్వీట్లున్నాయి. రెండ్రోజులు మా దగ్గరుండండి, మీ ఊరిని మీకే కొత్తగా చూపిస్తాం. ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. చిక్కల్లా చూపించడం మొదలుపెట్టాకే వస్తుంది.

ముందు స్వీట్ల సంగతి. ప్యాకేజీలో ‘మన ఊరి తీపి’ అని ఓ పూట ఉంటుంది. అరిటాకు ఆకారంలో చేసిన పింగాణీ పళ్లెంలో బందరు లడ్డు, ఆత్రేయపురం పూతరేకు, తాపేశ్వరం మడతకాజా, కాకినాడ గొట్టంకాజా, మాడుగుల హల్వా, మైసూర్‌పాక్ కొలువు తీరి ఉంటాయి. ఆ పేర్లు ఒక్కసారి పైకి చదవండి. బందరులో ఎక్కి, గోదావరి దాటి, కాకినాడ మీదుగా మాడుగుల వెళ్లి, అటు నుంచి మైసూరు దాకా తిరిగొస్తాం. ఏలూరులో మాత్రం ఆగం.

బందరు లడ్డుకి 2017లో, ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. ఇది ఫలానా ఊరిది, మరే ఊరిదీ కాదు అని కాగితం మీద రాసి ముద్ర వేసి చెప్పడమే ఆ గుర్తింపు ఉద్దేశం. అంత గట్టిగా చెప్పాక కూడా వాటిని మనవాళ్లు ‘లోకల్’ అంటున్నారంటే ధైర్యాన్ని మెచ్చుకోవాలి. తాపేశ్వరంలో 2016లో 29,465 కిలోల లడ్డు చేసి గిన్నిస్ బుక్కులోకి ఎక్కించారు. ఆ ఊళ్లు పొయ్యి దగ్గర చెమటోడ్చి పేరు తెచ్చుకున్నాయి. మనం ఆ పేర్లని చెమట పట్టకుండా పళ్లెంలో సర్దుకున్నాం.

మరి ఏలూరు పేరు తగిలించుకుని లోకం తిరిగిన సరుకే లేదా అంటే, ఎందుకు లేదు? తివాచీ ఉంది. పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్ల సంతతి ఉన్నితో నేసిన ఏలూరు తివాచీలు సముద్రాలు దాటి వెళ్లాయి. అయితే వాటిని నేతిలో వేయించినా తినలేం. తివాచీ తర్వాత నిమ్మకాయ. ఏలూరు నిమ్మ మార్కెట్ నుంచి లారీలకి లారీలు పై రాష్ట్రాలకి వెళ్తాయి. నిమ్మకాయ పుల్లన. పక్కనున్న తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టుకి పెట్టింది పేరు. కర్నూలు ఉల్లి అక్కడ బస్తాల్లో దిగుతుంది. కళ్లు మండుతాయి. దక్షిణాన కొల్లేరు చేప. నీచు. పులుపు, ఘాటు, నీచు మీద బతుకుతున్న ప్రాంతంలో తీపి యాత్ర పెట్టినవాడికి వ్యాపారం తెలిసి ఉండొచ్చు, భూగోళం మాత్రం తెలీదు. గూడెంలో బెల్లం వ్యాపారం కూడా ఉంది, కాదనను. ఈగలు ముసిరిన బెల్లం బుట్ట పక్కన నిలబడి ఫోటో దిగేవాడు ఇంకా పుట్టలేదు.

పళ్లెం తర్వాత లైవ్ కౌంటర్. లాన్ మూల ఓ ఆవిడ బోర్లించిన కుండ ముందు కూర్చుని ఉంటుంది. కుండ లోపల ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి గుడ్డని జారుగా రుబ్బిన బియ్యప్పిండిలో ముంచి, రెండు కొసలూ పట్టుకుని, కుండ వీపు మీంచి ఒక్క లాగు లాగుతుంది. గుడ్డ దాటిన మేరా పిండి పొరగా అంటుకుంటుంది. అంచు లేవడం ఆలస్యం, చిరగకుండా తీసి పక్కన పరుస్తుంది. రెప్పపాటులో అయిపోయే ఆ పని చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. మన అతిథి ఫోను ఎత్తి పట్టుకుని, “అమ్మా, వీడియో ఆన్ అవలేదు, ఇంకోసారి లాగండి” అంటాడు. ఆవిడ లాగుతుంది. ఆయనగారి పుత్రరత్నం చాక్లెట్ పూతరేకు ఉందా అని అడుగుతాడు. ఉంది. ఆవిడ తెల్లారకముందే లేచి, గోదావరి దాటి, బస్సులు మారి వచ్చింది. ఈ మొత్తం విహారయాత్రలో నిజంగా ప్రయాణం చేసిన మనిషి ఆవిడొక్కతే.

ఇక గది. తలుపు మీద ‘లేక్ వ్యూ’ అని రాసి ఉంటుంది. తెర తీస్తే నీళ్లు కనిపించే మాట నిజమే. నీళ్ల మధ్య గట్లు, గట్ల మీద మేత బస్తాలు, నీళ్లలో గిరగిరా తిరిగే ఏరేటర్లు. అతిథి దాన్ని సరస్సు అనుకుని నిట్టూరుస్తాడు. యజమాని దాన్ని పెట్టుబడి అనుకుని నిట్టూరుస్తాడు. కొల్లేరు ఏమనుకుంటోందో కనుక్కునే దిక్కు లేదు.

కాగితాల మీద కొల్లేరుకి జరిగిన సన్మానాలు తక్కువేం కావు. 1999లో అయిదో కాంటూరు (ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చి అంతర్జాతీయ హోదా ఇచ్చారు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో చేపల చెరువుల గట్లు పేల్చేశారు. 2008లో అయిదో కాంటూరుని మూడుకి దించి అభయారణ్యాన్ని కుదించాలని శాసనసభలో తీర్మానం చేశారు. గట్లు మళ్లీ లేచాయి. లంక ఊళ్లవాళ్ల బతుకు, పెట్టుబడిదారు లాభం, పక్షి గూడు, వరద నీటి దారి... ఇన్ని తగాదాలున్న చోటు ఆంధ్రదేశంలో మరోటి చూపించడం కష్టం. బ్రోచరు మాత్రం దాన్ని ‘మనిషి చెయ్యి తగలని ప్రకృతి’ అంటుంది. కొల్లేరులో మనిషి చెయ్యి తగలని జానెడు చోటు చూపిస్తే ఆ గది అద్దె నేనే కడతాను.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడని ముంచిన నీళ్లు చివరికి కొల్లేరులోకే వచ్చాయి. లంక గ్రామాలని నీళ్లు చుట్టుముట్టాయి, ఏలూరు–కైకలూరు రోడ్డు మీద రాకపోకలు ఆగిపోయాయి. ఆ రోజుల్లో లేక్ వ్యూ ప్రతి ఇంటికీ ఉచితంగా వచ్చింది, నడవా దాకా వచ్చింది. దాన్ని ఎవరూ ప్యాకేజీ చెయ్యలేదు.

పొద్దున్నే పక్షులు చూపిస్తామని ఆటపాక తీసుకెళ్తారు. అక్కడ గూడబాతులు అటవీశాఖవాళ్లు నీళ్లలో నిలబెట్టిన ఇనప స్టాండ్ల మీద గూళ్లు పెట్టుకుంటాయి. సొంత సరస్సులో చెట్లు చాలక ఇనప మంచాల మీద సర్దుకున్న జీవాలు, సొంతూళ్లో ఇల్లుండగా అద్దె మంచం మీద పడుకున్న మనిషి, ఒకరినొకరు బైనాక్యులర్స్‌లోంచి చూసుకుంటారు. పక్షులకి వేరే గతి లేదు. మనవాడికి డిస్కౌంటు కూపన్ వచ్చింది.

రాత్రి భోజనంలో అపోలో ఫిష్ వడ్డిస్తారు. కొల్లేటి బొచ్చె, శీలావతి అప్పటికే ఐసు కింద పడుకుని బెంగాలుకీ అస్సాముకీ లారీలెక్కేశాయి. ఎటు చూసినా వాటికి మన అతిథి కంటే లోకజ్ఞానం ఎక్కువ.

రెండో రోజు తాడేపల్లిగూడెం. 2022 ఏప్రిల్ 4 దాకా ఏలూరూ గూడెమూ ఒకే జిల్లా. ఆ రోజు నుంచీ గూడెం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలో, ఏలూరు తన పేరు పెట్టుకున్న జిల్లాలో. అంతకుముందు కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు మనదైపోయింది. కాబట్టి ఉల్లిపాయల కోసం గూడెం వెళ్లినా ఇప్పుడు జిల్లాలు దాటిన యాత్రే. పైగా అక్కడ రెండో ప్రపంచయుద్ధం నాటి రన్‌వే ఉంది. విమానాలు దిగవు. ఊరు కదలకుండా సెలవు గడపాలనుకునేవాడికి ఇంతకంటే తగిన ఎయిర్‌పోర్టు ఎక్కడ దొరుకుతుంది? ఈ ఐడియా ఇంకా ఏ రిసార్టు కంటా పడలేదు. ఉచితంగా ఇస్తున్నాను, తీసుకోండి.

అసలు కదలకుండా కూర్చుని మర్యాదలు చేయించుకోవడం గోదావరి జిల్లాలవాళ్లకి ఒకరు నేర్పాలా? సంక్రాంతికి అత్తారింట్లో దిగిన అల్లుణ్ణి చూడండి. పక్క వీధి సంబంధమైనా సరే, బొట్టు పెట్టి పిలవాలి, కొత్త బట్టలు పెట్టాలి, “మొహమాటపడకండి బాబూ, ఇదొక్కటీ తినండి” అంటూ పదకొండో బూరె వెయ్యాలి. 2022 సంక్రాంతికి నరసాపురంలో ఓ కుటుంబం కాబోయే అల్లుడి ముందు 365 రకాలు పెట్టిందని పేపర్లన్నీ రాశాయి. ఆ బఫే ముందు ఏ స్టార్ హోటలైనా దిగదుడుపే. ఇప్పుడు రిసార్టువాడు కొత్తగా కనిపెట్టిందల్లా ఒక్కటే: అవే మర్యాదలు చేసి, అత్తగారు కట్టాల్సిన బిల్లు అల్లుడి చేతిలో పెట్టడం.

వ్యాపారం కదా, నాలుగు ఉద్యోగాలొస్తున్నాయి కదా, మీకెందుకండీ దుగ్ధ అంటారు. ఉద్యోగాలు రావాల్సిందే. పూతరేకులావిడకి కూలి పెరిగినా, లంక ఊళ్లో పడవవాడికి నాలుగు డబ్బులు మిగిలినా నా అభ్యంతరమేమీ లేదు. నా పేచీ ‘ఏడాది పొడుగునా జున్ను’ అన్న బోర్డుతో. గేదె ఈనిన నాలుగైదు రోజులే జున్నుపాలు. పాడి ఉన్న ఇంటివాళ్లు చిన్న గిన్నెలో పోసి పక్కింటికి పంపేవారు. ప్లాస్టిక్ కప్పుల్లో మూడువందల అరవై అయిదు రోజులూ జున్ను దొరుకుతోందంటే ఎక్కడో ఓ గేదె విశ్రాంతి లేకుండా ఈనుతూనే ఉండాలి. దాని ఆచూకీ దొరికితే పశువైద్యులు పరిశోధన చెయ్యాలి.

ఈ నేల మీద తీపి దానికి వీలైనప్పుడు వస్తుంది, మన వీకెండు చూసుకుని రాదు. వేసవిలో ముంజలు. చలికాలంలో తేగలు. పాతర వేసిన తాటి టెంకలు మొలకెత్తాక తవ్వి తీసి, కాల్చి, కట్టలు కట్టి రోడ్డు పక్కన అమ్ముతారు. పొట్టు ఒలిచి, నిలువునా చీల్చి, మధ్యలో నాలుకలా ఉన్న చందమామని ముందు పిల్లలకిచ్చి, మిగిలిన పీచు పళ్ల మధ్య ఇరుక్కుంటుంటే నమలాలి. ఫోటోకి బాగోదు. పండక్కి అరిసెలు. బియ్యం నానేసి, తడిపిండి ఆరిపోకముందే పాకంలో పొయ్యాలి. పాకం ముదిరితే రాళ్లు, లేతగా ఉంటే నూనెలో విచ్చిపోతాయి. ఒకరు కలపాలి, ఒకరు తట్టాలి, ఒకరు వేయించాలి, ఒకరు చెక్కల మధ్య పెట్టి నూనె పిండాలి. అందుకే వీధిలో ఆడవాళ్లంతా ఓ ఇంట్లో చేరేవారు. అదే పని రిసార్టులో ‘అరిసె ఎక్స్‌పీరియన్స్’. మనిషికి ఒక అరిసె, ఒక ఏప్రను, ఒక సర్టిఫికెట్టు. ఎదురింటావిడ పిండి కలపడానికి పిలిస్తే టైము లేదన్న ఇల్లాలే అక్కడ డబ్బు కట్టి పిండి కలుపుతోంది.

ఊరిని కొత్తగా చూడాలని అంత ఉబలాటంగా ఉంటే చూడ్డానికి చాలానే ఉంది. కృష్ణ కాలవా గోదావరి కాలవా వచ్చి కలిసే ఊరు మనది. ఒకప్పుడు ఈ కాలవల మీదే పడవల్లో సరుకులూ మనుషులూ మద్రాసు దాకా వెళ్లేవారు. రెండు మహానదుల నీళ్లు కలిసే ఇలాంటి చోటు ఇంకెవరి చేతిలోనైనా పడితే మెట్లు కట్టి, దీపాలు పెట్టి, టిక్కెట్టు కూడా పెట్టేవారు. మనం సంచుల్లో చెత్త కట్టి విసిరాం. ఊళ్లోంచి పోయే తమ్మిలేరుకీ అదే మర్యాద. అది చివరికి కలిసేది కొల్లేరులోనే. అంటే శుక్రవారం ఇంటి దగ్గర విసిరిన సంచీయే శనివారం ‘లేక్ వ్యూ’లో మనకి ఎదురొచ్చే అవకాశం లేకపోలేదు.

ప్యాకేజీలో ఆఖరి ఘట్టం ఫీడ్‌బ్యాక్ ఫారం. నీళ్లు వాసనొస్తున్నాయి, దోమలు కుడుతున్నాయి అని అందులో రాస్తే మేనేజరు పరుగెత్తుకొచ్చి చేతులు కట్టుకుని, “సారీ సర్” అని, పైనాపిల్ జ్యూసు ఊరికే ఇచ్చి పంపుతాడు. ఆ రెండు వాక్యాలే తెల్లకాగితం మీద రాసుకుని, అతిథిగా కాకుండా పన్ను కట్టే ఊరివాడిగా ఏదైనా ఆఫీసుకి వెళ్లి చూడండి. ‘సంబంధిత అధికారి’ ఎవరో తేలడానికే కిటికీ నుంచి కిటికీకి, మేడ మీంచి కిందకి, ఆ ఆఫీసు నుంచి ఈ ఆఫీసుకి తిరగాలి. ఊరంతా చూడొచ్చు. ఆ తిరుగుడికే టూరిజం అని పేరు పెట్టుకుంటే, ఏలూరులో సీజను ఏడాది పొడుగునా ఉంటుంది.