రాత్రి కాపలాదారు కావలెను, సిబిల్ 750 తప్పనిసరి

మద్రాసు హైకోర్టు తీర్పు మీరంతా చదివే ఉంటారు. స్టేట్ బ్యాంకు సర్కిల్ బేస్డ్ ఆఫీసరు కొలువుకు ఎంపికై, 2021 మార్చిలో నియామక పత్రం అందుకున్న మనిషిని, సిబిల్ రిపోర్టు బాగాలేదంటూ ఏప్రిల్‌లోనే వద్దు పొమ్మన్నారు. నోటిఫికేషన్ నాటికే నా బాకీలన్నీ తీర్చేశాను మహాప్రభో అని ఆయన కోర్టుకెళ్ళాడు. నాలుగేళ్ళ తరువాత, 2025 జూన్‌లో, కోర్టు బ్యాంకు పక్షానే నిలిచింది. తీర్చావా అని కాదట, తడబడకుండా తీర్చావా అన్నది లెక్కట. ప్రజల సొమ్ము ముట్టుకునేవాడికి ఆర్థిక క్రమశిక్షణ ఉండి తీరాలట.

కోర్టును తప్పుబట్టేంత మొనగాణ్ణి కాను. షరతు నోటిఫికేషన్‌లో ఉంది, చదువుకునే ఆయన దరఖాస్తు పెట్టాడు. నా బాధల్లా ఇంత గొప్ప సూత్రాన్ని బ్యాంకులు తమ దగ్గరే అట్టిపెట్టుకున్నాయని. మా నెల్లూరు తీరం ఏం పాపం చేసింది? విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు, ఎటుపోయినా రొయ్యల గుంటలే. గుంట మీద బ్యాంకు అప్పు ఉంటుంది. అప్పంటే డిపాజిటర్ల డబ్బు. ఆ డబ్బు మేతయి, మేత రొయ్యయి, ఆ రొయ్యను రాత్రి రెండింటికి ఎవడో వలేసి ఎత్తుకుపోకుండా టార్చిలైటు పట్టుకుని గట్టు మీద తిరిగేవాడే కాపలాదారు. లెక్కప్రకారం వాడూ ప్రజల సొమ్ముకు కావలివాడే. అలాంటివాణ్ణి ఇన్నాళ్ళూ మొహం చూసి, ఊరి పేరు అడిగి పనిలో పెట్టుకున్నాం. ఎంత అనాగరికం!

కాబట్టి ఇకమీదట ఈ తీరాన కాపలా పనికి ప్రకటన ఇలా ఉండాలని నా ప్రతిపాదన. ఏరియేటర్ ఆగితే జనరేటర్ వేయడం రావాలి. చెక్ ట్రే ఎత్తి మేత మిగిలిందో లేదో చెప్పగలగాలి. సిబిల్ స్కోరు 750కి తగ్గరాదు. పాత యజమాని ఇచ్చిన మూడు నెలల పేస్లిప్పులు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ఫారం 16 జతపరచాలి.

నవ్వకండి. చెన్నైకీ హైదరాబాదుకీ ఉద్యోగాలకు పోయే మన పిల్లలు కంపెనీలకు జతపరుస్తున్నవి ఇవే కాగితాలు. పాత జీతం తెలిస్తేనే కదా కొత్త జీతంలో ఎంత బిగపట్టొచ్చో తెలిసేది. జీతం పడిన గీత ఒక్కటే చూస్తామంటారు. మిగతా గీతలకు తెర కట్టి ఉండదు. వాళ్ళమ్మ మందులకు ఎంతయింది, చీటీకి ఎంత కట్టాడు, ఇరవై ఎనిమిదో తేదీన ఎవరి దగ్గర చేబదులు తెచ్చుకున్నాడు, అన్నీ హెచ్ఆర్ వారి కంప్యూటర్లో ఆరబోసినట్టే.

సరే, ఇంటర్వ్యూకు వద్దాం. వేదిక గుంట గట్టు. బోర్డులో గుంటల పెద్దాయన, ఆయన బావమరిది, లెక్కలు రాసే గుమాస్తా. మొదటి అభ్యర్థి ఇరవై ఏళ్ళుగా గుంటల మీదే బతికినవాడు. తెల్లవారుజామున నీళ్ళ వాసన పట్టి ఆక్సిజన్ పడిపోయిందని చెప్పగలడు. ఆ విద్యను గురించి బోర్డు అడగలేదు. స్టేట్‌మెంటులో ఆ గడి లేదు.

"ఏందబ్బయ్యా, పన్నెండో తేదీన ఎనభై రూపాయలు ఫోన్‌పే కొట్టావే, ఎవరికది?"

"చికెన్ పకోడీ సామీ."

"పదమూడున ఇంకో ఎనభై?"

"అదీ పకోడీనే సామీ."

బావమరిది రాసుకున్నాడు: వరసగా రెండు రోజులు పకోడీ, క్రమశిక్షణ అనుమానాస్పదం.

"స్కోరెంత?"

"నాకు తెలవదు సామీ. బ్యాంకులో నేనెప్పుడూ అప్పు చెయ్యలా."

గుమాస్తా ఫోన్లో వెతికి పెదవి విరిచాడు. మూడు వందల నుంచి తొమ్మిది వందల దాకా ఉండే ఆ మెట్లలో, అప్పే చేయనివాడికి మెట్టే లేదు. మైనస్ ఒకటి అని చూపిస్తుంది, లేదంటే చరిత్ర లేదంటుంది.

"అప్పు చెయ్యకపోవడం తప్పా సామీ?"

"తప్పని ఎవరన్నారు? నిన్ను నమ్మేదెట్టా అంటున్నాం."

"అట్టయితే ఇప్పుడు తీసుకుంటా."

"తీసుకో. బ్యాంకోళ్ళు పేస్లిప్పు అడుగుతారు."

"పని ఇస్తే మీరే ఇస్తారు గదా సామీ, పేస్లిప్పు."

"స్కోరుంటే పని ఇస్తాం గదా అబ్బయ్యా."

గుమాస్తాకు జాలేసింది. ఇంటామె పేరు మీద చూద్దామన్నాడు. ఆమె డ్వాక్రా సంఘంలో ఏ నెలా కంతు తప్పలేదు. తప్పదు మరి. దూబగుంట రోశమ్మ సారా మీద తిరగబడిన జిల్లా ఇది. 1990ల మొదట్లో సారా కొట్లు మూయించి, అక్కడికి పోయే రూపాయిని పొదుపులోకి మళ్ళించింది ఇక్కడి ఆడవాళ్ళే. అయితే ఆమె స్కోరుతో ఈయనకు పని రాదు. పోనీ ఆమెనే రాత్రి కాపలాకు పెట్టుకుందామంటే పెద్దాయనకు మనసొప్పలేదు. క్రమశిక్షణ కావాలి కానీ మరీ అంత కాదు.

బావమరిది సిద్ధాంతం విప్పాడు. "హేచరీ నుంచి పిల్ల తెచ్చేటప్పుడు పీసీఆర్ చేయిస్తామా లేదా? వైరస్ ఉన్న పిల్లను గుంటలో వదుల్తామా? మనిషికి సిబిల్ కూడా అంతే."

కాపలాదారు తల గోక్కుంటూ నిలబడి, "పీసీఆర్ చేసిన పిల్లకే గదా సామీ పోయిన పంటలో తెల్లమచ్చ వచ్చింది" అన్నాడు. బోర్డు మాట్లాడలేదు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "తెల్లమచ్చ వచ్చిన గుంటను మాత్రం వొదిలేశామా? నీళ్ళు తోడేసి, ఎండగట్టి, సున్నం చల్లి మళ్ళీ పిల్ల వేశాం గదా. మనిషినైతే ఎన్నాళ్ళు ఎండబెడతారు సామీ?"

ఆ తరువాతే అసలు తప్పు చేశాడు. "ఇంతకీ మీ స్కోరెంత?" అన్నాడు.

యజమాని స్కోరు అడగడం ఏ దేశంలోనూ మర్యాద కాదు. పెద్దాయనకు వరసగా రెండు పంటలు పోయాయి. మూడోది చేతికొచ్చే వేళకు, 2025 ఏప్రిల్‌లో, ట్రంపు సుంకాల మాటెత్తాడు. అమెరికా కొనకముందే ఇక్కడ కౌంటు ధర కూలింది. మేత కొట్టు బాకీ అలాగే ఉంది. బ్యాంకుతో ఓటీఎస్ మాట్లాడుకుని ఎంతో కొంత కట్టి బయటపడ్డాడు. రిపోర్టులో ఆయన పేరు పక్కన 'సెటిల్డ్' అన్న ముద్ర పడింది. అదీ మచ్చే. కొత్త అప్పు కొడుకు పేరు మీద నడుస్తోంది. బ్యాంకు సూత్రం ప్రకారం పెద్దాయన తన గుంటకు తానే కాపలా కాయడానికి పనికిరాడు. బావమరిది సంగతి అడగకండి, ఆయన ఆ పూటే మోటారు సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి గుంటకు కాపలా లేదు. నిబంధనలు మాత్రం తుచ తప్పకుండా అమలయ్యాయి.

రెండో అభ్యర్థి బీటెక్ కుర్రాడు. ఇతన్ని నేను ఎగతాళి చేయలేను. ఇలాంటివాళ్ళు కావలి నుంచి తడ దాకా ఊరూరా ఉన్నారు. ఫీజు రీయింబర్స్‌మెంటు వేళకు పడక, బాకీ కడితేనే సర్టిఫికెట్లని కాలేజీ అంటే, తండ్రి వడ్డీకి తెచ్చి కట్టాడు. ప్రభుత్వం తన బాకీ నెలల తరబడి కట్టకపోతే దానికి స్కోరు తగ్గదు. పైచదువుకు బ్యాంకు విద్యారుణం ఇచ్చింది. కోర్సు అయ్యాక ఏడాది గడువిచ్చింది. ఆ ఏడాదిలో ఉద్యోగం రాలేదు. కంతులు తప్పాయి. నంద్యాలలో గదికి నలుగురుగా ఉండి, బ్యాంకు పరీక్షలకు కోచింగు తీసుకుని, రాత్రింబవళ్ళు చదివి పాసయ్యాడే అనుకోండి. అప్పుడు తీస్తారు రిపోర్టు.

ప్రజల సొమ్మంటున్నారు కదా, ఆ లెక్కే చూద్దాం. అంతకుముందు పదేళ్ళలో బ్యాంకులు 16.35 లక్షల కోట్ల మొండి బాకీలు రైటాఫ్ చేశాయని 2025 మార్చిలో ఆర్థిక మంత్రే లోక్‌సభకు చెప్పారు. అందులో 9.27 లక్షల కోట్లు భారీ పరిశ్రమలవీ, సేవల రంగానివీ. రైటాఫ్ అంటే మాఫీ కాదు, వసూలు ప్రయత్నం సాగుతూనే ఉంటుందని ప్రభుత్వం ప్రతిసారీ చెప్పే మాట. ఒప్పుకుందాం. కానీ ఆ అప్పుల కాగితాల మీద సంతకాలు పెట్టిన పెద్దలు తమ సొంతింటి కంతులు, క్రెడిట్ కార్డు బిల్లులు తేదీ తప్పకుండా కట్టుకున్నవాళ్ళే అయ్యుంటారు. వాళ్ళ స్కోర్లు ప్రజల సొమ్మును కాపాడాయా? లక్షల కోట్లు గట్టు తెగి పోతుంటే ఏ రిపోర్టూ అడ్డం పడలేదు. మూడు కంతులు తప్పిన ఈడొచ్చిన కుర్రాడి దగ్గరికొచ్చేసరికి అందరికీ క్రమశిక్షణ గుర్తొస్తుంది.

చేతిలో పెట్టిన నియామక పత్రాన్ని లాక్కునే ముందు ఎందుకు ఆలస్యమైందని ఒక్క మాట అడిగే గడి ఆ రిపోర్టులో లేదు. తండ్రికి డయాలసిస్ అయ్యుండొచ్చు, పంట పోయుండొచ్చు, లేదా నిజంగానే దుబారా మనిషి అయ్యుండొచ్చు. యంత్రానికి ఆ తేడా తెలియదు. బ్యాంకు పెద్దలారా, మీకు తెలియాలి, అందుకే మీకు జీతాలిస్తున్నారు. చదువుకోరా అని అప్పిచ్చింది మీరు. ఉద్యోగమొస్తే తీరుస్తాడని ఫైల్లో రాసుకున్నది మీరు. ఉద్యోగం గుమ్మం దాకా వచ్చినవాణ్ణి ఆ అప్పు కాగితమే చూపించి తోసేస్తున్నదీ మీరే. ఇక ఆ బాకీ ఏం పెట్టి తీర్చమంటారు వాణ్ణి?