‘ఈగ లెన్ని తిన్న’ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: వీనస్ ఫ్లైట్రాప్ అను బోనుమొక్కను కొని, టీవీ పక్కన నిలిపి, పూటకో ఈగను పట్టి పెడుతూ, ‘అయినా నీరసిస్తోందేమి?’ అని వగచు గృహస్థునితో కవి ఇట్లనుచున్నాడు.

ఈగ లెన్ని తిన్న నెండలే కున్నచో
బోను మొక్క కేది బువ్వ చెపుమ
కిటికి యొద్ద నుంచ కీటకం బేలరా
వెలుగె దాని కూడు వేరు గలదె

ప్రతిపదార్థం: ఈగలు ఎన్ని తిన్నన్ = ఎన్ని ఈగలను తిన్నప్పటికిని (చీమలు, సాలెపురుగులు ఉపలక్షణం); ఎండ లేకున్నచో = సూర్యకాంతి లేనిచో (ట్యూబ్‌లైటు ఎండ కాదని ధ్వని); బోనుమొక్కకు = ఆకు కొసనే బోనుగా మలచుకున్న మొక్కకు; బువ్వ ఏది చెపుమ = తిండి ఎక్కడిదో చెప్పుము; కిటికి యొద్దన్ ఉంచన్ = కిటికీ దగ్గర పెట్టగా; కీటకంబు ఏలరా = పురుగుతో పని ఏమిరా; వెలుగె దాని కూడు = వెలుతురే దాని ఆహారము; వేరు గలదె = మరొకటి ఉన్నదా? లేదు.

తాత్పర్యం: పురుగులు పట్టడం మాని కుండీని ఎండలోకి జరుపు.

విశేషాలు: ‘మాంసాహారికి ఎండ ఎందుకు?’ అని శంక. సమాధానం: ఈ మొక్క పుట్టిల్లు అమెరికాలో ఉత్తర, దక్షిణ కరొలినాల తీరప్రాంతపు చిత్తడినేల. అక్కడి మట్టిలో నత్రజని బహు తక్కువ. ఆ లోటు తీర్చుకోడానికే పురుగు. శక్తినిచ్చే చక్కెరను మాత్రం తక్కిన మొక్కల్లాగే వెలుగులో వండుకోవాలి. ఎండ అన్నం, ఈగ ఆవకాయ బద్ద. అన్నం లేకుండా ఆవకాయ వడ్డిస్తూ పోతే ఏ ప్రాణి బతుకుతుంది? పైగా ఆ నేలను అప్పుడప్పుడు కార్చిచ్చు తగలబెట్టి, నీడనిచ్చే పొదలను ఎదగనివ్వదు. కనుక ఇది పుట్టుకతోనే ఎండలో పెరిగిన పిల్ల.

వెలుగు చాలితే బోను లోపలివైపు ఎర్రబడుతుంది (పచ్చగానే ఉండే రకాలూ ఉన్నాయి). చాలకపోతే ఆకులు సాగి, పలచబడి, వాలిపోతాయి. గది వెలుతురుగానే ఉందిగదా అనరాదు. మన కన్ను సర్దుకుపోయే రకం. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్సులైతే దీపాలు వెలిగిన గది కొన్ని వందలు. మొక్క సర్దుకుపోదు.

ఏ కిటికీ? లండన్ వాళ్ల పుస్తకాలు దక్షిణపు కిటికీ అంటాయి. హైదరాబాదులో అది శీతకాలానికి సరి. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మన మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. దక్షిణపు కిటికీలోకి తొంగి చూడడు. తూర్పు బాల్కనీ మేలు. ఆ రోజుల్లో నల్ల ప్లాస్టిక్ కుండీ మాత్రం వద్దు, వేళ్లు ఉడుకుతాయి.

కిటికీయే లేనివారి సంగతి కవి వదిలేశాడు. వారికి ఎల్‌ఈడీ గతి: జానెడు ఎత్తున, రోజుకు 12 నుంచి 16 గంటలు.

పురుగులు తినే తక్కిన మొక్కల్లో, మేఘాలయ కూజామొక్క నెపెంథిస్ ఖాసియానాకు వడకట్టిన వెలుగు చాలు. మరీ తగ్గితే ఆకులు వేస్తుంది గాని కూజాలు కట్టదు. మన తూర్పు కనుమల్లోని డ్రోసెరాకు నీడలో జిగురుబొట్లు ఎండిపోతాయి. వాటికి వేరే పద్యం కావాలి.

పాఠాంతరం: మూడో పాదంలో కొందరు ‘ఫ్రిజ్జు మీద నుంచ’ అని చదువుతారు. గణాలు కుదిరినా యతి చెడింది, మొక్కా చెడుతుంది. త్యాజ్యం.