అంకిత ఎవరు మాస్టారూ?

మీకు చెప్తే పోయేదేముంది, ఎలాగూ మీరు పైకి అనరు. నాకంటూ ఒక తెలుగు శైలి ఉందని ఇరవై ఏళ్లుగా నమ్మాను. నమ్మింది నేనొక్కణ్ణే అనుకోండి, అయినా నమ్మకంలో ఏ లోటూ చెయ్యలేదు.

మాది బస్తర్‌లోని జగదల్‌పూర్. బైలదిల్లా కొండల ఇనపరాయిని విశాఖ రేవుకు దింపడానికి 1960లలో కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేశారు కదా, రాయి కిందికి పోతుంటే ఆ పట్టాల వెంటే పైకొచ్చిన తెలుగు కుటుంబాల్లో మాదొకటి. ఇక్కడి మన పిల్లలకి బళ్లో హిందీ, సంతలో హల్బీ, ఇంట్లో తెలుగు. మాట్లాడమంటే వాగుతారు గానీ, రాయమంటే మాత్రం కలం కింద పెట్టి నేల చూపులు చూస్తారు. ఒకడైతే తెలుగు ఉత్తరం మొత్తం నాగరి లిపిలో రాసిచ్చాడు. వీళ్లకి ధైర్యం నేర్పాలి, ఎవరి శైలి వాళ్లకి దొరికేలా చెయ్యాలి అనిపించి, ఆదివారాలు మా వరండాలో పదకొండు మందిని కూర్చోబెట్టాను.

ఇది పైకి చెప్పిన కారణం. లోపలిది వేరే ఉంది. ‘కాలా జల్’ నవల రాసిన శానీ 1933లో ఈ ఊళ్లోనే పుట్టాడు. హిందీలోనూ హల్బీలోనూ రాసిన లాలా జగదల్‌పురీదీ ఈ ఊరే, ఆయన పేరులోనే ఊరుంది. మూడో పేరు ఖాళీగా ఉన్నట్టు నాకు తోచింది.

మొదటి నెల బాగానే నడిచిందని ఒప్పుకోవాలి. రైలు ఆలస్యమైందన్న ఒక్క సంగతినే మూడు రకాలుగా రాయమన్నాను: అమ్మమ్మకి ఉత్తరం, స్టేషన్ మాస్టరుకి ఫిర్యాదు, ఎదురుచూసి విసిగిపోయిన నేస్తానికి సంజాయిషీ. రాసింది పైకి చదవాలి. ఒకే మాట మరీ ఎక్కువసార్లు వస్తే ఎర్ర పెన్సిల్‌తో కింద గీత పెట్టుకోవాలి. మొదటి వారం గోడకేసి తిరిగి గొణిగిన పిల్లాడు నాలుగో వారం చదివిన ఫిర్యాదుకి, వంటింట్లో బెండకాయలు తరుగుతున్న మా ఆవిడ కత్తిపీట వదిలేసి బయటికొచ్చి మరీ నవ్వింది. అంత బాగా నడవడానికి కారణం, ఆ నెల నాకు గొంతు పట్టేసి పెద్దగా మాట్లాడలేకపోవడం.

గొంతు బాగయ్యాక దురద మొదలైంది. పిల్లల రచనలతో పుస్తకం వేద్దామన్నాను. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం, ఆవేళ పెద్దల ముందు ఒక్కొక్కరూ చదవాలి. రాతప్రతులు ‘కాస్త సరిచేస్తానని’ లోపలికి పట్టుకెళ్లాను. ఈ కాస్త అనే మాట ఉంది చూశారూ, ఇంట్లో చుట్టం ‘ఒక్కపూట’ అన్నట్టే.

కోంటా వైపు నుంచి వచ్చిన పిల్ల ఒకతె ఉంది, ఎనిమిదో తరగతి. వాళ్ల అమ్మమ్మ గురించి రాసింది. వేసవి ముందు ఇప్పచెట్టు కింద ఆకులు ఊడ్చి కాల్చేస్తారు, రాత్రి రాలిన పువ్వు తెల్లారేసరికి కంటికి కనబడాలని. అదంతా రాసి, తర్వాత ఇలా రాసింది: “మా అమ్మమ్మ పువ్వు ఏరేటప్పుడు మాట్లాడదు. ఎలుగ్గొడ్డు వస్తుందేమో అని చెవి అటు పెడుతుంది. బుట్ట నిండాక మాట్లాడుతుంది. ఇంక ఆపదు.”

ఇందులో సరిచెయ్యడానికి ఏముందండీ? నాకు మాత్రం చాలా కనబడింది. అర్ధరాత్రి దాకా కూచుని దాన్ని ఇలా చేశాను: “ప్రాచీదిశాంగన నుదుట సిందూరతిలకము దిద్దుకొను వేళ, మధూకకుసుమములనేరుచు, భల్లూకరాజాగమనశంకచే నా మాతామహి మౌనముద్రాంకితయై యుండెను.” పూర్తయ్యాక రెండుసార్లు పైకి చదువుకున్నాను. కళ్లు చెమర్చాయి. పదకొండు మందికీ ఇదే వైద్యం. మా ఆవిడ తిరగేసి చూసి, “ఏవండీ, ఇవి పిల్లలు రాశారా, పిల్లల పేర్లు పెట్టుకుని మీరు రాశారా?” అంది. శైలి తెలియనివాళ్లతో వాదించకూడదని ఊరుకున్నాను.

ముందుమాట నాలుగు పేజీలు. ఓరుగల్లు నుంచి వచ్చి బస్తర్‌లో రాజ్యం నిలబెట్టాడని చెప్పే కాకతీయుల అన్నమదేవుడితో మొదలుపెట్టి నాతో ముగించాను. మధ్యలో ఆరేడు వందల ఏళ్లున్నాయి గానీ, అక్కడ ఎవరూ అడ్డు రాలేదు.

ఆ రోజు వచ్చింది. వేదిక మీద గిడుగు రామమూర్తి గారి పటం. పర్లాకిమిడిలో సవరలతో కూచుని వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల మాటలోనే చదువు చెప్పించిన మనిషి. గ్రాంథికంతో ఏళ్లకేళ్లు పోరాడిన మనిషి. ఆయన మెడలో బంతిపూల దండ వేసింది ఈ చేతులే. వేసి, పక్కకి జరిగి, పిల్లని పిలిచాను. వచ్చింది, కాగితం విప్పింది, ప్రాచీ దగ్గర ఒకసారి ఆగింది, భల్లూక దగ్గర మింగింది, మౌన అంది, ముద్ర అంది, అంకిత అంది, ఆగింది, మైకు దగ్గరే ముఖం పెట్టి నావైపు తిరిగి “అంకిత ఎవరు మాస్టారూ?” అంది. హాలు గొల్లుమంది, నేను లేచాను, కుర్చీ పడింది, మైకు కీచుమంది, ముందు వరసలో అమ్మమ్మ “నా గురించి రాసిందన్నారు, మజ్జిలో ఈ అంకితెవరు బాబూ?” అని అడుగుతోంది, ఆ అలజడిలో పిల్ల కాగితం మడిచి జడ వెనక్కి విసిరి “మా అమ్మమ్మ పువ్వు ఏరేటప్పుడు మాట్లాడదు” అని తన మాటల్లో చెప్పడం మొదలెట్టింది.

“ఇంక ఆపదు” దగ్గరికి వచ్చేసరికి అమ్మమ్మే ముందు చప్పట్లు కొట్టింది.

తర్వాత మిగిలిన పదిమందీ కాగితాలు విప్పలేదు. వేదిక మీద నా శైలి పూర్తిగా సెలవు తీసుకుంది. రైలు ఫిర్యాదు కుర్రాడైతే, అడగకుండానే ఇంకోసారి చెప్పాడు. గిడుగు వారి పటం వైపు చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు. దండ కాస్త వంకరగా వేలాడుతోందన్న నెపంతో ఒకసారి వెళ్లాను గానీ, కళ్లు మాత్రం కలపలేదు.

మీరు కూడా ఎవరి రాతకో ‘కాస్త’ మెరుగులు దిద్దే ఉంటారు లెండి. మేనల్లుడి దరఖాస్తుకో, చెల్లెలి పెళ్లి శుభలేఖకో. అందుకే మీకే చెప్తున్నాను.

తర్వాతి ఆదివారం ఎవరూ రారనుకున్నాను. పదకొండు మందీ వచ్చారు. ఆ పిల్ల పుస్తకం తెరిచి, నా ముందుమాట పేజీలు నా ముందు పెట్టింది. నాలుగు పేజీలూ ఎర్రగా ఉన్నాయి.

“మీరే చెప్పారు కదా మాస్టారూ, ఒకే మాట ఎక్కువసార్లు వస్తే గీత పెట్టమని.”

గీత పెట్టిన మాట ‘నేను’. లెక్క కూడా అడుగున రాసింది: 34. ‘నా’, ‘నాకు’, ‘నాచే’ లెక్కలో కలపలేదట, పెన్సిల్ అరిగిపోయిందట.

ఇప్పుడు మీరు చదువుతున్నది ఆ పిల్లకి చూపించలేదు. మీరూ లెక్కపెట్టకండి.