బ్యాట్‌మ్యాన్‌కు మడి కట్టించినవారు

కొత్త బ్యాట్‌మ్యాన్ కార్టూన్ ఎలా ఉందో చెప్పడానికి దాన్ని చూడక్కర్లేదు, పాతది చూసి ఉంటే చాలు. 2024 ఆగస్టు 1న ‘బ్యాట్‌మ్యాన్: కేప్డ్ క్రూసేడర్’ ప్రైమ్ వీడియోలోకి వచ్చింది. తీర్పు అంతకు ముందే, ట్రైలర్ నాడే వచ్చేసింది: బాగానే ఉందిగానీ 1992 నాటి దానిలా లేదు. 2024లో తీసినది 1992లో తీసినది కాదన్న సంగతి క్యాలెండర్ కూడా ఒప్పుకుంటుంది కాబట్టి ఈ తీర్పు మీద అప్పీలుకు వెళ్లేవాళ్లు లేరు.

ముద్దాయి ఎవరో చూస్తే మాత్రం కాస్త నవ్వొస్తుంది. 1992లో ‘బ్యాట్‌మ్యాన్: ది యానిమేటెడ్ సిరీస్’ని ఎరిక్ రాడోమ్‌స్కీతో కలిసి రూపొందించిన బ్రూస్ టిమ్ చేతుల్లోంచే ఈ కొత్తదీ వచ్చింది. అంటే బ్రూస్ టిమ్‌కి బ్యాట్‌మ్యాన్ అర్థం కాలేదని, సాక్ష్యంగా బ్రూస్ టిమ్‌నే బోనెక్కిస్తున్నాం.

పాత సిరీస్ గొప్పది కాదని అనడానికి నాకు నోరు రాదు. నల్ల కాగితం మీద వెలుతురు మాత్రమే పూసి గోథమ్ నగరాన్ని గీశారు. అందుకే ఆ రాత్రులు అంత చిక్కగా ఉంటాయి. కెవిన్ కాన్‌రాయ్ ముసుగు లేని బ్రూస్ వేన్‌కి ఒక గొంతు, ముసుగేసిన బ్యాట్‌మ్యాన్‌కి ఇంకో గొంతు ఇచ్చాడు. ఆయన 2022లో పోయాడు. ఆ గొంతుతో పెరిగిన చెవులకు కొత్త సిరీస్‌లోని హామిష్ లింక్‌లేటర్ గొంతు వెంటనే ఎక్కకపోవడం సహజం, అందులో ఎగతాళి చేయడానికేమీ లేదు. చెవి బెంగని చెవి బెంగ అంటే గొడవే లేదు. మనవాళ్లు దానికి ‘అసలు పాత్రకు ద్రోహం’ అని పేరు పెట్టి, ధర్మశాస్త్రం తెరుస్తారు.

సరే, ఆ శాస్త్రాన్నే నమ్ముదాం. అసలును మార్చినవాడు దోషి. అప్పుడు మొదటి శిక్ష పాత సిరీస్‌లోని ‘హార్ట్ ఆఫ్ ఐస్’ ఎపిసోడ్‌కి పడాలి. మిస్టర్ ఫ్రీజ్ 1959లో ‘మిస్టర్ జీరో’ అనే పేరుతో కామిక్స్‌లోకి వచ్చిన ఒక మంచు తుపాకీ దొంగ. ఫ్రీజ్ అన్న పేరు కూడా 1966 టీవీ సీరియల్ పెట్టినదే. ఆ ఎపిసోడ్ రాసిన పాల్ డీని వచ్చి, వాడికి నోరా అనే జబ్బుపడిన భార్యని, ఆమె కోసం గడ్డకట్టిన ఒక గుండెని కల్పించాడు. పాత కథలో నోరా లేదు, ఆ దుఃఖమూ లేదు. మన పండితుల భాషలో శుద్ధ ప్రక్షిప్తం! ఆ ప్రక్షిప్తానికి డేటైమ్ ఎమ్మీ ఇచ్చారు. ఇవాళ ఫ్రీజ్ కథ మార్చబోతే ఆ ప్రక్షిప్తాన్ని కాపాడటానికే మన శాస్త్రులవారు కర్ర తీస్తారు.

జోకర్ ప్రియురాలు హార్లీ క్విన్ సంగతి ఇంకా ముచ్చట. బ్యాట్‌మ్యాన్ పుట్టింది 1939లో. హార్లీ పుట్టింది 1992లో, అదీ టీవీ కార్టూన్‌లో. యాభై మూడేళ్ల కామిక్స్‌లో ఆమె ఊసే లేదు. ఇప్పుడు కొత్త సిరీస్ ఆమెని జోకర్ చెంత నుంచి తప్పించి వేరే దారిలో నడిపితే, సంప్రదాయం మంటగలిసిందని శోకాలు. పెంగ్విన్‌ని ఆడమనిషిగా చేశారని మరో ఏడుపు. 1992 నాటి పెంగ్విన్‌ని మాత్రం ఎక్కడి నుంచి తెచ్చారు? ఆ వేసవిలోనే థియేటర్లకు వచ్చిన టిమ్ బర్టన్ సినిమాలోని ఆకారాన్నే అందులో దించారు, చేతులకు బదులు ఈదే రెక్కలతో సహా.

అన్నిటికన్నా నాకు నచ్చింది బ్యాట్‌మ్యాన్ ఇంటి బట్లర్ ఆల్‌ఫ్రెడ్ వ్యవహారం. కొత్త సిరీస్‌లో ఆయన పొట్టిగా, బొద్దుగా ఉన్నాడు. చూసి ముఖం చిట్లించినవాళ్లకు ఒక్క సంగతి: 1943లో కామిక్స్‌లో మొదట అడుగుపెట్టిన ఆల్‌ఫ్రెడ్ బొద్దుగానే ఉండేవాడు. అదే ఏడాది వచ్చిన సినిమా సీరియల్‌లో ఆ వేషం వేసిన నటుడు సన్నగా, మీసంతో ఉన్నాడని, కామిక్స్ వాళ్లు ఆ తరువాత బొమ్మని సన్నగా చేసి మీసం అంటించారు. అంటే ‘అసలు’ కావాలని అరిచేవాళ్లకి అసలునే తెచ్చి చూపిస్తే, నకలేదని అడుగుతున్నారు! ఇంకా వెనక్కి పోతామంటే, మొదటి ఏడాది బ్యాట్‌మ్యాన్ తుపాకీ పట్టాడు, మనుషుల్ని చంపాడు కూడా. ఆ అసలును ఎవరూ అడగడం లేదు.

ఈ కోర్టు ఈనాటిది కాదు. 1997లో పాత సిరీస్ బృందమే బొమ్మల గీత మార్చి, జోకర్ కళ్లను నల్ల చుక్కలు చేస్తే పెదవి విరిచారు. ఇప్పుడు అదీ పూజా పీఠం మీదే ఉంది. 2004లో ‘ది బ్యాట్‌మ్యాన్’ సిరీస్ జోకర్‌ని వట్టికాళ్లతో, జడలు కట్టిన జుట్టుతో గోడలెక్కించింది, గగ్గోలు. ‘బ్రేవ్ అండ్ ది బోల్డ్’ సిరీస్ మరీ సరదాగా ఉందని మరో గగ్గోలు. దానికి 2009లో ఆ సిరీస్ తన కథలోనే జవాబు పెట్టింది. ఫిర్యాదు చేసిన ఒక అభిమానికి, ఇంత చరిత్ర ఉన్న పాత్రను ఎన్ని రకాలుగానైనా చూపవచ్చని బ్యాట్-మైట్ అనే పిడికెడు భూతం కాగితం చూసి చదువుతుంది. ఆ ఎపిసోడ్ రాసింది ఎవరో కాదు, ‘హార్ట్ ఆఫ్ ఐస్’ పాల్ డీనీయే. ‘టీన్ టైటన్స్’ 2003లో జపాన్ బొమ్మల్లా ఉందని తిట్లు తింది, 2013 వచ్చేసరికి ‘టీన్ టైటన్స్ గో!’ని కొట్టడానికి అదే కర్ర అయింది. అప్పటికి రెండింట్లోనూ అయిదుగురు టైటన్ల గొంతులూ ఒకటే.

ఇలాంటి కోర్టు మన దగ్గరా ఉంది: మళ్లీ రామాయణమెందుకన్న ప్రశ్నకు విశ్వనాథ సత్యనారాయణ తన కల్పవృక్షం మొదట్లోనే జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. కనీసం ఆయన్ని వాల్మీకిలా గీయలేదేమని ఎవరూ అడిగి ఉండరు.

పోల్చదగ్గది ఒకటుంది. 1992లో ఫాక్స్ కిడ్స్ మొదటి ఆర్డరే అరవై అయిదు ఎపిసోడ్లు. ఆ అరవై అయిదులో తేలిపోయినవీ ఉన్నాయి, నాసిరకం బొమ్మలవీ ఉన్నాయి. అన్నిటికి చోటుంది కాబట్టే ఒక చిన్న దొంగకి ఓ పూట మొత్తం కేటాయించి ఫ్రీజ్‌ని చేయగలిగారు. కొత్తదానికి దక్కింది సీజన్‌కి పది. మొదట తీయించిన హెచ్‌బీవో మ్యాక్స్ 2022లో వదిలేస్తే, అమెజాన్ ఎత్తుకుంటేగానీ ఆ పదీ రాలేదు. ఇది మాట్లాడాలంటే స్టూడియోల లెక్కలు, కోతలు తెలియాలి. ఆల్‌ఫ్రెడ్ పొట్ట గురించయితే పోస్టర్ చూస్తే సరిపోతుంది.