క్షురారంభ పద్యం: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక

క్షవరమైతే గాని వివరం తెలియదని సామెత. మడతకత్తితో తన గడ్డం తానే గీసుకోవాలని ముచ్చటపడ్డవాడికి ఈ కాలంలో రెండు క్షవరాలు జరుగుతున్నాయి. మొదటిది జేబుకు, రెండోది ముఖానికి. వివరం మాత్రం రెండూ పూర్తయ్యాకే వస్తోంది. ఆ వరుసను తిరగేసి వివరం ముందు, క్షవరం తరువాత జరిపించడానికి పుట్టినది ఈ పద్యం. కర్తా వ్యాఖ్యాతా ఒక్కడే కావడం వల్ల కవిహృదయం గురించి తగవు లేదు.

శాస్త్రారంభంలో అనుబంధ చతుష్టయం చెప్పడం ఆచారం. ఇక్కడ అధికారి ఎవడంటే, పొద్దున్న అరగంట తీరిక, వణకని చేయి, పిల్లలకు అందని అలమర ఈ మూడూ ఉన్నవాడు. విషయం, తొలిసారి కొనవలసిన సామగ్రి. ప్రయోజనం, నున్నని చెంప. సంబంధం, ఓపిక. నాలుగోది లేనివాడు ఇక్కడితో ఆపి సెలూనుకు వెళ్లవచ్చు. అక్కడ ఆ విద్య నేర్చిన చేయి ఉంది.

పద్యం (ఆటవెలది)

కత్తి యొకటి చాలు గడ్డ మొక్కటె కాన
తోలు పట్టె యొకటి తోడు నిలువ
సాన రాయి కొనకు సగము నేర్చెడి దాక
చర్మ మొకటె గాదె జన్మమునకు

టీక

గడ్డము = గడ్డము; ఒక్కటె కాన = ఒక్కటే కాబట్టి; తోలు పట్టె ఒకటి = పదును సరిదిద్దే తోలుబద్ద ఒకటి; తోడు నిలువ = తోడుగా ఉండగా; కత్తి = మంగలికత్తి; ఒకటి = ఒక్కటే (రెండు కాదు, రోజుకొకటి చొప్పున ఏడు కత్తులుండే పెట్టె అసలే కాదు); చాలు = సరిపోవును; సగము = విద్యలో సగపాలు; నేర్చెడి దాక = నేర్చుకొనే వరకు; సాన రాయి = పదునుపెట్టు రాయి; కొనకు = కొనవద్దు; జన్మమునకు = ఒక పుట్టుకకు; చర్మము = ముఖచర్మము; ఒకటె గాదె = ఒక్కటే కదా! “ఓ తొందరపాటువాడా” అనే సంబోధన అధ్యాహార్యం.

తాత్పర్యం

మంచి పదునుతో ఉన్న కత్తి ఒకటి, తోలుపట్టె ఒకటి ఉంటే మొదలుపెట్టవచ్చు. సానరాయి ఇప్పుడే వద్దు. కత్తి పాడైతే ఇంకోటి దొరుకుతుంది, చెంప దొరకదు.

విశేషాలు

*కత్తి.* ఇది సామాన్య నామం. ఏ కత్తి అన్న ప్రశ్నకు వెడల్పు, బోలు, కొన, లోహం అని నాలుగు విచారణలు.

వెడల్పును అంగుళంలో ఎనిమిదో వంతుల్లో కొలుస్తారు. ఐదు వంతులంటే సుమారు 16 మిల్లీమీటర్లు, ఆరంటే 19. కొత్తవాడికి ఈ రెంటిలో ఏదైనా తగినదే. నాలుగు వంతులది మీసం అంచులు దిద్దడానికి బాగుంటుంది గాని చెంపంతా గీయడానికి సన్నం. ఎనిమిది వంతులది చేతికి బరువు, ముక్కు కింద అడ్డం.

బోలు అంటే వెన్ను నుంచి వాదర దాకా రెండు పక్కలా లోపలికి చెక్కిన వంపు. బాగా చెక్కినది పలచగా ఉండి, గీస్తున్నప్పుడు సన్నగా పాడుతుంది. చెక్కనిది గొడ్డలిలా దిమ్మగా ఉంటుంది. నడిమి రకం బిగువుగా నిలిచి నేర్చుకొనేవాడి తప్పులను కొంత ఓర్చుకుంటుంది.

మూడోది కొన. చదరపు కొన చెవి పక్కన గీత దిద్దడానికి పనికొస్తుంది. అదే చెవిని కూడా దిద్దుతుంది. గుండ్రని కొనే ఆరంభకుడికి శరణ్యం.

లోహం సంగతి. కార్బన్ ఉక్కు సానకు తేలిగ్గా లొంగుతుంది, తడికి తేలిగ్గా తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ ఉక్కు తుప్పుకు ఎక్కువగా తట్టుకుంటుంది, సానకు మొరాయిస్తుంది. కాకినాడలోనో విశాఖలోనో ఉండేవాడు కార్బన్ కత్తి కొంటే గీసుకున్నాక తుడిచి, ఆరబెట్టి, ఒక చుక్క నూనె రాయాలి. బాత్రూంలో వదిలేయకూడదు.

*ప్రాసంగికం.* ఉక్కు మాట వచ్చింది గనుక వ్యాఖ్యాత హక్కుగా కాస్త పక్కదారి పట్టాలి. మడతకత్తులకు పేరుపడ్డ ఊళ్లు ఇంగ్లండులో షెఫీల్డ్, జర్మనీలో జోలింగెన్, ఫ్రాన్సులో తియేర్. జోలింగెన్ పేరును ఇష్టం వచ్చినట్టు కత్తుల మీద చెక్కకుండా 1938లో చట్టమే చేశారు. షెఫీల్డులో బెంజమిన్ హంట్స్‌మన్ 1740లలో మూసలో ఉక్కు కరిగించే పద్ధతి కనిపెట్టాడు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలోనూ మూసలోనే ఉక్కు చేసేవారు. ఆ తరహా దక్షిణాది ఉక్కును ఇంగ్లీషువాళ్లు వూట్జ్ అన్నారు. అది మన ‘ఉక్కు’ శబ్దానికి వచ్చిన తిప్పలేనని ఎక్కువమంది పండితుల మాట. లండన్‌లో కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్ వూట్జ్‌ను మెచ్చుకున్నవాడు. ఆయన మైకేల్ ఫారడేతో కలిసి ఉక్కు మిశ్రమాల మీద ప్రయోగాలు చేసి 1820లో ప్రచురించాడు. కాబట్టి సీమకత్తి కొంటున్నామని తెలుగువాడు మరీ చిన్నబోనక్కరలేదు. చుట్టరికం ఉంది.

*‘ఒకటి’ శబ్దం మీద ఆక్షేపం.* “చెంపలు రెండు గదా, కత్తులు రెండు కావద్దా?” అని పూర్వపక్షి. వినడానికి బాగానే ఉంది. అయితే కవి చెంప అనలేదు, గడ్డమన్నాడు, అదీ ఏకవచనంలో. పైగా రెండు నాసి కత్తుల డబ్బుతో ఒక మంచి పాతకత్తి వస్తుంది. వెన్ను అరగక, వాదర విరగక, తుప్పు గుంటలు లేక ఉంటే పాతదనం దోషం కాదు. పదును ఉందా అన్నది వేరే ప్రశ్న. కొత్త కత్తుల్లోనూ చాలావాటికి గడ్డానికి సరిపడే పదును ఉండదు. అందుచేత అమ్మేవాడిని అడగవలసిన మాట “కొత్తదా” అని కాదు, “చేయి తిరిగినవాడు సానపట్టి ఇచ్చిందా” అని.

*దుర్వ్యాఖ్యా ఖండనం.* ‘గడ్డ, మొక్కటె’ అని విడదీసి ఇది కందగడ్డ సాగు మీది పద్యమని ఒకరు వాదించవచ్చు. ‘కత్తి’ కొడవలి అవుతుంది, ‘తోలు పట్టె’ మోటబావి తోలుబొక్కెన అవుతుంది, సానరాయి ఎలాగూ రైతుకు కావాలి. నాలుగో పాదంలో చర్మం దగ్గర మాత్రం ఆ వ్యాఖ్య దురద పుట్టి ఆగిపోతుంది.

*తోలు పట్టె.* సాన పదును పుట్టిస్తుంది, తోలు పదును నిలబెడుతుంది. ఈ భేదం తెలియనివాడే మొదటి రోజున రాయి కొంటాడు. కంటికి కనపడనంతగా వంగిన వాదరను తోలు తిన్నగా చేస్తుంది. గీసుకోబోయే ప్రతిసారీ ముందు గుడ్డపట్టీ మీద ఇరవై ముప్ఫై సార్లు, తరువాత తోలు మీద యాభై అరవై సార్లు నడిపించాలి. వెన్ను ముందు నడవాలి, వాదర వెనక రావాలి. తిప్పేటప్పుడు వెన్ను మీదే తిప్పాలి. పట్టె సడలితే వాదర మొద్దుబారుతుంది.

రెండో పాదంలో తోలు, నాలుగో పాదంలో చర్మం అనడం పునరుక్తి కాదా? కాదు. చచ్చిన పశువుది తోలు, బతికిన మనిషిది చర్మం. తిప్పడం రాని చేయి మొదటి నెలలో పట్టెకు గాట్లు పెట్టి తీరుతుంది. అందుకే మొదటి పట్టె చవకది, మూడంగుళాల వెడల్పుది కావాలి. ఖరీదైనది రెండోసారి కొనాలి. తోలు మీద తప్పులన్నీ చేసేస్తే చర్మానికి తక్కువ మిగులుతాయి.

*పాఠాంతరం.* మూడో పాదంలో ‘కొనకు’ అన్నచోట ‘కొనుము’ అని అమ్మకందార్ల పాఠం. రెండూ మూడు లఘువులే గనుక గణభంగం లేదు, చర్మభంగం ఉంది. ఈ వ్యాఖ్యాత మొదట ఆ పాఠాన్నే నమ్మాడు. ఒక దుకాణంవాడి మాట మీద, కత్తి తోలుకు పెట్టడం కూడా రాకముందే నాలుగువేలూ ఎనిమిదివేలూ రవ్వ ఉన్న జంటరాయి కొని, ఆదివారమంతా కూర్చుని రుద్దాడు. వెన్ను రాయికి ఆనించి ఉంచాలని అప్పటికి తెలియదు. సోమవారం గడ్డం కోసుకోలేదు, పీక్కున్నాడు. వాదరకు మళ్లీ ఆకారం తేవడానికి వెయ్యి రవ్వ రాయి కావాలి, ఆ తరువాతే నునుపు రాళ్లు. అదంతా వేరే శాస్త్రం. మంచి కత్తి, రోజూ తోలు ఉంటే వారాల తరబడి రాయి అవసరమే పడదు. పడినప్పుడు తెలిసినవాడి చేతికివ్వడం మర్యాద.

‘కొనకు’లో శ్లేష కూడా ఉంది. ‘కొనకు’ అంటే మొనకు. చదరపు కొన ఉన్న కత్తి ఇప్పటికే కొనేసిన అభాగ్యుడు ఆ మొనను మాత్రం సానరాయికి ఒకటి రెండుసార్లు తాకించి మొద్దుచేసుకోవచ్చు. సానరాయి కొనకు మాత్రమే అని భావం.

*సగము.* విద్యలో సగమని ఒక అర్థం, ముఖంలో సగమని ఇంకో అర్థం. మొదటి రెండు మూడు వారాలు చెంపలు మాత్రమే మడతకత్తితో గీసి, గదువా పై పెదవీ అలవాటైన రేజరుకు వదలాలి. కత్తి వెన్ను చర్మానికి సుమారు ముప్ఫై డిగ్రీలు ఎత్తి, రెండో చేత్తో చర్మం లాగిపట్టి, వెంట్రుక వాలు వెంటే దించాలి. నొక్కకూడదు.

*అనుక్తం.* సబ్బూ కుంచే పద్యంలో లేవేమని అడిగితే, అన్నం పెట్టమన్నప్పుడు విస్తరి వేయమని వేరే చెప్పరు. కుంచె పందివెంట్రుకదైనా, కృత్రిమ పోగులదైనా చాలు, బ్యాడ్జర్ కుంచె తరువాతి వైభవం. నురుగు రాలేదని సబ్బును తిట్టేముందు నీళ్లు చూసుకోవాలి. గట్టిదనమున్న బోరు నీళ్లలో ఏ సబ్బూ సరిగా నురగదు, ఆర్ఓ ఫిల్టరు నీళ్లు గిన్నెడు చాలు. చివరికి పటిక. కిరాణాకొట్టు పటిక ముక్కే తడిచేసి రుద్దితే చిన్న గాట్ల నెత్తురు ఆగుతుంది.

*సిద్ధాంతం.* “ఇంత శ్రమెందుకు, సెలూన్లలోలా సగం బ్లేడు బిగించే ఉస్తరా కొనరాదా?” అని చివరి ఆక్షేపం. మనిషికొక కొత్త బ్లేడు వేయడం సెలూనుకు శుభ్రత, అక్కడ అదే ధర్మం. దానికి తోలూ రాయీ అక్కరలేదన్నదీ నిజం. అయితే తేలికైన ఆ కత్తి తప్పును మన్నించదు. ఖర్చుకు వెరచేవాడికి అది మార్గమే, భయానికి మందు మాత్రం కాదు. ఇక శ్రమే వద్దనుకునేవాడి దారి కింగ్ జిలెట్ ఎప్పుడో వేశాడు. 1903లో ఆయన కంపెనీ అమ్మినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. తరువాతి కథ ప్రతి స్నానాలగదిలోనూ ఉంది.

*అలంకారం, ఛందస్సు.* మొదటి పాదంలో కారణం చెప్పాడు గనుక కావ్యలింగం, చివర సామాన్యంతో విశేషాన్ని సమర్థించాడు గనుక అర్థాంతరన్యాసం. ఛందస్సు ఆటవెలది. ఆట వెలదికి తగును, కత్తి పట్టిన చేతికి తగదు.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని కొనేముందు మూడుసార్లు చదివినవాడి జేబుకు ఒక్క కత్తి, ఒక్క పట్టె, ఒక కుంచె, ఒక సబ్బు, ఒక పటిక ముక్క మేరకే క్షవరం జరుగుతుంది. కొన్నాక చదివినవాడు దిగులుపడనక్కరలేదు. సానరాయి వృథా పోదు. నాది వంటింట్లో ఉంది, కూరల చాకులు దివ్యంగా తెగుతున్నాయి.